మిరియాల చారు

మా అత్తగారికి కంటి ఆపరేషనని మా ఆవిడ కాకినాడ వెళ్ళి వారం రోజులైంది. ఈ వారమూ నా భోజనం సంగతి చేతిలోని ఫోనే చూసుకొన్నది. వేలితో నొక్కితే అరగంటలో గుమ్మంలో పొట్లం. కాలం యెంత కలిసివస్తున్నదో అని మురిసిపోయాను. కలిసివచ్చిన కాలంతో యేం చేశానంటారా? అదే ఫోనులో యెవరో వంట చేస్తూంటే చూస్తూ కూర్చున్నాను!

శనివారం సాయంత్రం మావాడు హాస్టలు నుంచి దిగాడు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. జ్వరం తగ్గిందట గాని బుగ్గలు లోపలికి పోయాయి. యేం తెప్పించమంటావురా అని ఫోనులోని బొమ్మలన్నీ చూపించాను. వాడు అటు తిరిగి పడుకొని, "బామ్మ పెట్టే మిరియాల చారు కావాలి నాన్నా" అన్నాడు.

బామ్మ పోయి రెండేళ్ళు.

చారు గురించి నాకు తెలియదని కాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టే భోజనంలో చారు ఉందనీ, ఆ కావ్యం వ్రాసిన రాయలవారు 1509 నుంచి 1529 వరకు యేలారనీ, మిరపకాయ పోర్చుగీసువారి ఓడలతో వచ్చిన కొత్త చుట్టమనీ, అంతకు ముందు మన వంటకు మిరియమే కారమనీ గంట కొట్టేదాకా పాఠం చెప్పగలను. చింతపండు యెంత వేయాలో మాత్రం తెలియదు.

ఫోను నడిగితే పదిమంది పది విధాలుగా చెప్పారు. మా ఆవిడ నడుగుదామంటే, కొడుక్కి జ్వరమని వింటే రాత్రి బస్సే యెక్కేస్తుంది. చివరికి అటకమీది అమ్మ సత్తుగిన్నె దించాను. నీళ్ళు పోయకుండా పొయ్యి యెక్కిస్తే కరిగి ముద్దవుతుందని అమ్మ హెచ్చరించేది. అందుకని ముందు నీళ్ళే పోశాను. నిమ్మకాయంత చింతపండు పిసికి, పసుపు, ఉప్పు, కరివేపాకు, చిన్న బెల్లంముక్క వేశాను. మిరియాలూ జీలకర్రా రోట్లో దంచుతూంటే తుమ్ములే తుమ్ములు. ఆ ఘాటుకు అమ్మ వెనకాల వచ్చి నిలుచున్నట్లే అనిపించింది. పులుసు పచ్చివాసన పోయేదాకా కాగాలి. మిరియాలపొడి పడ్డాక మాత్రం ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి, మరిగితే చేదెక్కుతుంది. చారు కాగేటప్పుడు అమ్మ యెవరు పిలిచినా పలికేది కాదు. యెందుకో ఇన్నాళ్ళకు తెలిసింది. నేతిలో ఆవాలూ ఇంగువా వేయించి పోపు పెట్టాను. ఉప్పు కాస్త యెక్కువైంది.

వాడు వేడి అన్నంలో కలుపుకొని మాట్లాడకుండా తిన్నాడు. రెండోసారి వడ్డించాను. మూడోసారి గరిటె ముంచుతూంటే కంచంలోకి చూస్తూ అన్నాడు:

"జ్వరమొచ్చి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు నాన్నా. చెబితే ఇంటికి పంపిస్తారు, పరీక్షలు పోతాయి, నువ్వు బాధపడతావని..."

పేపరులో ర్యాంకుల ఫొటోలు చూసి, ఆ వరసలో వాడి ముఖం అతికించుకొన్నది నేనే. మా కాలేజీలో పిల్లలకు మార్కులే జీవితం కాదని ఉపన్యాసమిచ్చి, ఆ సాయంత్రమే వెళ్ళి వాడికి హాస్టలు ఫీజు కట్టివచ్చిన వాణ్ణి. నాకు మాట రాలేదు.

"ఇక అక్కడికి వెళ్ళనా మరి?" అన్నాడు. వెళ్ళాలా అని అడుగుతున్నాడో, వెళ్ళనని చెబుతున్నాడో కాసేపు అర్థం కాలేదు.

"వద్దులే" అన్నాను.

"చారు ఇంకా ఉందా?"

గిన్నె వంచి అడుగున మిగిలిన మిరియాల మడ్డితో సహా పోశాను. చెమటలు పట్టి తిన్నాడు. ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు.

సోమవారం ఇద్దరమూ వెళ్ళి పెట్టే బేడా తెచ్చుకొన్నాము. ఇక్కడే మామూలు కాలేజీలో చేర్చుకొంటారేమో కనుక్కొంటున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. బుధవారం వస్తుంది. ఈ పత్రిక ఆవిడ చేతిలో పడకముందే చెప్పెయ్యాలి. ఆలోగా ముద్దపప్పు కూడా నేర్చుకొని ఉంచితే మంచిదేమో!