మూడు పథకాలు, ఒకటే కంచం

ఇది మన కంచం సంగతి, మన పంట సంగతి కూడా.

ఒక ఇల్లు తీసుకోండి. అవ్వకు రేషన్ బియ్యం, మనవడికి బడిలో మధ్యాహ్న భోజనం, మనవరాలికి అంగన్‌వాడీ తిండి. కేంద్రంలో మొదటిది ఆహార శాఖది, రెండోది విద్యాశాఖది, మూడోది మహిళా శిశు సంక్షేమ శాఖది. మూడు శాఖలు, మూడు పద్దులు, మూడు రకాల రూల్సు. తినేది మాత్రం ఒకటే కుటుంబం. మన దగ్గర ఈ మూడు దార్లలోనూ ముఖ్యంగా వచ్చేది బియ్యమే.

నేననేది సూటిగా చెప్తాను. ఈ మూడు పథకాల సరుకునీ డబ్బునీ కలిపి వాడుకునే వీలు రాష్ట్రాలకు ఇవ్వాలి. ఏ జిల్లాలో ఏం పండుతుందో, ఏం తింటారో దాన్నిబట్టి ఇవ్వనివ్వాలి.

ఎందుకంటే కడుపు నిండుతోంది గానీ ఒంట్లో రక్తం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 70 శాతం. దీనికి ఢిల్లీ కనిపెట్టిన మందు, వంద గింజలకు ఒకటి చొప్పున ఫ్యాక్టరీ గింజ కలిపిన బియ్యం. సజ్జల్లో ఇనుము లేదా? రాగుల్లో కాల్షియం లేదా? కందుల్లో మాంసకృత్తులు లేవా? ఇవి మన మెట్ట చేలల్లో పండేవే కదా!

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలూ ఉన్నాయి. కాగితం మీద ఉన్నాయి. కానీ రాష్ట్రం కేంద్రం లెక్కలో జొన్నలు కొనాలంటే ముందే అనుమతి కావాలి, కొన్న సరుకును గడువులోగా పంచెయ్యాలి. 2021 చివరిదాకా జొన్నలకు ఆ గడువు 6 నెలలు, రాగులకు 7 నెలలు. ఇప్పుడు 9, 10 నెలలు చేశారు. ఇన్ని చిక్కులెందుకని అధికారులు బియ్యంతోనే సరిపెడుతున్నారు.

రైతు సంగతి చూడండి. 2025-26లో క్వింటాలుకు మద్దతు ధర వరికి 2,369, జొన్నకు 3,699, రాగికి 4,886, కందికి 8,000 రూపాయలు. కానీ ఊళ్లోకి కాంటా వచ్చేది ఎక్కువగా వడ్లకే. వరి తగ్గించమని ఉపన్యాసాలిస్తారు, కొనేది మాత్రం వరే. మరి రైతు బోరు వెయ్యక ఏం చేస్తాడు?

చిన్న లెక్క చెప్తాను. కిలో బియ్యం కొని, నిల్వ చేసి, మోసి పంచేసరికి కేంద్రానికి సుమారు 40 రూపాయలు పడుతోంది. మద్దతు ధరకు కందులు కొని పప్పు పట్టిస్తే కిలో పప్పుకి దగ్గర దగ్గర మూడు కిలోల బియ్యం ఖర్చు. నలుగురున్న ఇంటికి చట్టం ప్రకారం నెలకు 20 కిలోలు. అందులో 3 కిలోల బదులు కిలో పప్పు ఇస్తే అదనపు భారం పెద్దగా ఉండదు. కానీ ఈ మార్పిడికి ఇవాళ రూల్సులో దారి లేదు.

"రాష్ట్రాలకు స్వేచ్ఛ ఇస్తే తినేస్తారు" అని ఒక మాట వినిపిస్తుంది. చరిత్ర చూడండి. 1982లో మధ్యాహ్న భోజనాన్ని పెద్ద ఎత్తున పెట్టింది తమిళనాడులో ఎంజీఆర్. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది మన ఎన్టీఆర్. కేంద్రం బడి భోజనానికి వచ్చింది 1995లో, ఆహార చట్టానికి వచ్చింది 2013లో. కర్ణాటక రేషన్లో రాగులు, జొన్నలు ఇచ్చింది. ఒడిశా కెందుఝర్, సుందర్‌గఢ్ జిల్లాల అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. దారి వేసింది రాష్ట్రాలే.

అయితే ఒక హెచ్చరిక. స్వేచ్ఛ పేరుతో "ఇదిగో మీ మొత్తం, ఇక మీ ఇష్టం" అని చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో 1996లో పేద కుటుంబాల సాయాన్ని ఏటా 1,650 కోట్ల డాలర్ల గుండుగుత్త పద్దుగా మార్చి రాష్ట్రాలకిచ్చారు. ధరలు పెరిగాయి, ఆ అంకె పెరగలేదు. కొన్ని రాష్ట్రాలు ఆ సొమ్మును వేరే పనులకూ మళ్లించాయి. మనకది వద్దు.

కాబట్టి షరతులు మూడు. ఒకటి, చట్టమిచ్చిన హక్కు ఒక్క గ్రాము విలువ కూడా తగ్గకూడదు, ధరలతో పాటు కేంద్రం వాటా పెరగాలి. రెండు, మిగిలిన ప్రతి రూపాయీ తిండికే పోవాలి, రోడ్లకూ ప్రకటనలకూ కాదు. మూడు, పప్పు, జొన్న, రాగి ఆ రాష్ట్ర రైతు దగ్గరే మద్దతు ధరకు కొనాలి, లెక్క గ్రామసభలో చదవాలి.

మీ ఎంపీ ఊరికొస్తే ఒక్కటే అడగండి: "మా పొలంలో పండిన కంది మా ఊరి అంగన్‌వాడీ గిన్నెలోకి రావడానికి ఢిల్లీకి అడ్డమేంటి?" సమాధానం వచ్చేదాకా వదలొద్దు.