పొడవు హద్దు మన చేతిలో ఉండాలి: 1024 బైట్ల దగ్గర తెగిపోయిన ఓ ఆళ్లగడ్డ ఆర్డర్

ఫోన్‌లో తెలుగులో మెసేజ్ టైప్ చేసేవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఇంగ్లిష్‌లో అయితే ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు. అందులో ఒక్క తెలుగు అక్షరం పడిందా, హద్దు వెంటనే 70కి పడిపోతుంది. మెసేజ్‌కి ఉన్న చోటు రెండు భాషలకీ ఒకటే, 140 బైట్లు. మన లిపికి అందులో ఎక్కువ చోటు కావాలి, అంతే తేడా. దీన్ని నేను ఏళ్ల తరబడి పెద్దగా పట్టించుకోలేదు. రెండు మెసేజ్‌లుగా వెళ్తుంది, వెళ్లనీ అనుకునేవాణ్ని. అదే లెక్క ఒక డేటాబేస్‌లో ఎదురై, ఆళ్లగడ్డలో ఒక రాయి మీద ఉలి పడబోయేదాకా తెచ్చినప్పుడు మాత్రం పట్టించుకోక తప్పలేదు.

ఈ సైట్‌లో మామూలుగా ఫోన్ల గురించి, ట్యాబ్‌ల గురించి రాస్తుంటాను. ఈసారి వాటి వెనకాల సర్వర్‌లో ఉండే ఒక చిన్న సెట్టింగ్ గురించి నా అభిప్రాయం చెప్తున్నా. మీ షాపు బిల్లింగ్ యాప్, క్లినిక్ టోకెన్ యాప్, ట్యూషన్ సెంటర్ ఫీజుల యాప్... దేని వెనకాలైనా ఒక డేటాబేస్ ఉంటుంది కాబట్టి ఇది మీకూ పనికొచ్చే మాటే.

అసలు ఏం జరిగిందంటే

నేనుండేది నంద్యాలలో. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరని మన వైపు అందరికీ తెలుసు. అక్కడ తెలిసిన ఒక పెద్దాయన శిల్పశాలకి ఆర్డర్లు రాసుకునే చిన్న యాప్ చేసిచ్చాను. వర్క్‌షాప్‌లో ఒక ఆండ్రాయిడ్ ట్యాబ్, నంద్యాలలో మా ఇంట్లో ఒక మినీ పీసీ, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పెద్దాయన చెప్తుంటే ఒక అబ్బాయి తెలుగులో టైప్ చేస్తాడు. ఏ రాయి, ఎంత ఎత్తు, పీఠం ఎన్ని అంగుళాలు, తోరణం కావాలా వద్దా, పాలిష్ ఏ రకం... అన్నీ ఒకే పెద్ద వివరణలో పడతాయి.

ఆ రోజు ఒక ఫోన్ కెమెరా టెస్టింగ్ కోసం అహోబిలం బయల్దేరాను. బస్సు నంద్యాల దాటి హైవే ఎక్కిందో లేదో, ఆళ్లగడ్డ నుంచి ఫోన్. "అన్నా, సేవ్ నొక్కితే చక్రం తిరుగుతానే ఉంది" అన్నాడు అబ్బాయి. నాకు వెంటనే వెలిగింది. పొద్దున ఇంట్లో ల్యాప్‌టాప్ మీద టేబుల్‌లో ఒక మార్పు మొదలుపెట్టి, దాన్ని ఖాయం చేయకుండానే మూత వేసి వచ్చేశాను. ఆ టేబుల్‌కి తాళం పడి ఉంది. ట్యాబ్ నుంచి వచ్చే ప్రతి సేవ్ దాని వెనక వరుసలో నిలబడింది.

బస్సులోనే ఫోన్ తీసి, టెర్మక్స్‌లో నుంచి సర్వర్‌లోకి వెళ్లి, ఇప్పుడు ఏ క్వెరీలు నడుస్తున్నాయో చూపించే పట్టిక తెరిచాను. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని పీజీ స్టాట్ యాక్టివిటీ అంటారు. ఎదురుచూస్తున్నవి ఐదు. ఐదూ ఆర్డర్ వివరాలు మార్చే అప్‌డేట్‌లే. ఐదింటి పాఠమూ అక్షరం తేడా లేకుండా ఒకేలా మొదలై, ఒకేచోట ఆగిపోయింది.

చక్రం తిరుగుతుంటే అబ్బాయి అదే బటన్ ఐదుసార్లు నొక్కాడు కాబోలు అనుకున్నా. అన్నిటికన్నా కొత్తది ఒక్కటి ఉంచి మిగతా నాలుగు రద్దు చేశా. తర్వాత నా ల్యాప్‌టాప్ కనెక్షన్ తెంపేశా. తాళం వీడింది, సేవ్ అయింది. పని అయిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నా.

నిజానికి ఆ ఐదింటిలో మూడు ఒక ఆర్డర్‌వి, రెండు ఇంకో ఆర్డర్‌వి. రెండో ఆర్డర్‌లో పీఠం ఎత్తు 9 అంగుళాల నుంచి 12కి మార్పించాడు పెద్దాయన. ఆ మార్పు నా చేత్తోనే పోయింది. ట్యాబ్‌కి ఎర్రర్ వెళ్లింది కానీ, అప్పటికే అబ్బాయి ఆ స్క్రీన్ మూసేశాడు.

మర్నాడు పొద్దున పెద్దాయన ఫోన్. "ఏం నాయనా, పీఠం పన్నెండు అని మార్పిచ్చినా కదా, దీంట్లో తొమ్మిదే ఉందే? మావోడు గీత కూడా గీసినాడు. నేను చూడకపోయుంటే ఈపాటికి ఉలి పడేది." కోపంగా కూడా అనలేదాయన. అదే ఇంకా బాధ. ఫైల్‌లో తప్పు పోతే బ్యాకప్ ఉంటుంది. రాయిలో తీసేసిన ముక్క మళ్లీ అతకదు.

1024 బైట్లంటే ఎన్ని తెలుగు అక్షరాలు?

మొదటి తప్పు నాదే, అందులో అనుమానం లేదు. తాళం వేసి మర్చిపోయింది నేను, ఆత్రంగా రద్దు చేసింది నేను. కానీ ఐదూ ఒకేలా ఎందుకు కనిపించాయో చూద్దాం.

పోస్ట్‌గ్రెస్ ఆ పట్టికలో ఒక్కో క్వెరీ పాఠానికి మామూలుగా 1024 బైట్ల చోటే ఇస్తుంది. పైది కోసేస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో, యూటీఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో గుర్తు మూడు బైట్లు. గుర్తు అంటే మనం రాసే అక్షరం కూడా కాదు. "ద్యా" అనేది మనకు ఒకటే అక్షరం. కంప్యూటర్‌కి ద, పొల్లు, య, దీర్ఘం... మొత్తం నాలుగు గుర్తులు, 12 బైట్లు. నంద్యాల అని ఇంగ్లిష్‌లో రాస్తే 7 బైట్లు, తెలుగులో 21. ఆళ్లగడ్డ ఇంగ్లిష్‌లో 9, తెలుగులో 24. అంటే 1024 బైట్లలో పట్టేది దాదాపు 341 తెలుగు గుర్తులు. నాలుగైదు వాక్యాలకే అయిపోతుంది.

ఇప్పుడు నా అప్‌డేట్ క్వెరీ ఎలా ఉందో చూడండి. ముందు టేబుల్ పేరు, తర్వాత పొడుగాటి తెలుగు వివరణ, అన్నిటికన్నా చివర ఆర్డర్ నంబర్. వివరణలో కూడా మొదటి భాగం అన్ని ఆర్డర్లకీ ఒకటే, రాయి రకం, ప్యాకింగ్, రవాణా షరతులు. కొలతలు చివర్లో వస్తాయి. దేన్నిబట్టి ఈ ఆర్డర్ వేరు, ఆ ఆర్డర్ వేరు అని తెలుస్తుందో అదంతా కోతకి అవతల పడిపోయింది. అదే వివరణ ఇంగ్లిష్‌లో ఉండి ఉంటే ఆర్డర్ నంబర్ దాకా కనిపించేదే.

ఇంకో సంగతి. తెగిన చోట "ఇక్కడ ఇంకా ఉంది" అనే చుక్కలు గానీ, గుర్తు గానీ ఆ పట్టికలో రాదు. పాఠం అలా ఆగిపోతుంది. బస్సులో ఆరంగుళాల స్క్రీన్ మీద చూసేవాడికి అది పూర్తి క్వెరీనో, సగం క్వెరీనో అర్థం కాదు.

హద్దు ఎందుకు పెట్టారు?

హద్దు పెట్టడమే తప్పని నేననను. ఈ పాఠాన్ని ఉంచడానికి డేటాబేస్ మొదలయ్యేటప్పుడే మెమరీ పక్కన పెట్టుకుంటుంది, ఒక్కో కనెక్షన్‌కి ఇంత అని. అలా ముందే కేటాయిస్తే నడుస్తున్న పని మీద భారం పడదు. అందుకే ఈ సెట్టింగ్ మార్చితే డేటాబేస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

ఒకప్పుడు ఈ మార్చుకునే వీలు కూడా లేదు. హద్దు ప్రోగ్రామ్ లోపలే రాసి ఉండేది. పెంచాలంటే సోర్స్ మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. 2009లో వచ్చిన 8.4 వెర్షన్‌తో ఇది సెట్టింగ్ అయింది. పేరు ట్రాక్ యాక్టివిటీ క్వెరీ సైజ్. మొదట్లో 100 కేబీ దాకా పెంచుకోవచ్చు, 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి 1 ఎంబీ దాకా. మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇదే కథ. అక్కడా మామూలు హద్దు 1024 బైట్లు, దాన్ని మార్చుకునే సెట్టింగ్ 5.7 వెర్షన్‌తో వచ్చింది.

ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా 100 కనెక్షన్లు ఉంటాయి. హద్దుని 16 కేబీ చేస్తే మొత్తం 1.6 ఎంబీ. మన ఫోన్‌లో తీసే ఒక ఫొటో అంతకంటే ఎక్కువే ఉంటుంది చాలాసార్లు. దానికి బదులు 5,400 పైచిలుకు తెలుగు గుర్తులు కనిపిస్తాయి. ఒక్కోదానికి 1 ఎంబీ ఇస్తే మాత్రం 100 ఎంబీ అవుతుంది, చిన్న సర్వర్‌కి అది ఆలోచించాల్సిన విషయమే. అందుకే ఎంత పెట్టాలో తయారుచేసినవాళ్లు కాకుండా, వాడేవాళ్లు తేల్చుకోవాలంటున్నా.

"అసలు అలా రాయకూడదు" అనేవాళ్లకి

డెవలపర్ ఫ్రెండ్ ఒకడికి ఇది చెప్తే, "విలువల్ని క్వెరీలోనే గుచ్చి పంపడం ఏంట్రా, విడిగా పంపితే క్వెరీ చిన్నగా ఉంటుంది కదా" అన్నాడు. మాట నిజమే. అలా చేస్తే పాఠం తెగదు. కానీ అప్పుడు ఆర్డర్ నంబర్ ఉండాల్సిన చోట ఒక డాలర్ గుర్తు, ఒక అంకె మాత్రమే కనిపిస్తాయి. ఐదూ మళ్లీ ఒకేలా ఉంటాయి! పైగా యాప్‌లు తమంతట తామే తయారుచేసే క్వెరీల్లో ముందు యాభై కాలమ్‌ల పేర్లు, చివర్లో షరతు. షరతే ముఖ్యం, అదే తెగుతుంది.

పూర్తి పాఠం దొరికే వేరే దారులు లేవా అంటే, ఉన్నాయి. 2014లో వచ్చిన 9.4 నుంచి పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే తోడు టూల్ పాఠాన్ని ఫైల్‌లో దాస్తుంది, అక్కడ ఈ కోత లేదు. నిదానంగా నడిచిన క్వెరీలను లాగ్‌లో పూర్తిగా రాయించుకోవచ్చు కూడా. కాకపోతే ఆ రెండూ పని ముగిశాక చూసుకునేవి. ఇప్పుడు ఇరుక్కున్నది ఏది, దేన్ని ఆపాలి అన్న క్షణంలో చేతికి అందేది ఆ ఒక్క పట్టికే.

పెంచడమే కాదు, తగ్గించడం కూడా

ఇంకో పక్క కూడా చెప్పాలి, అది చిన్న అభ్యంతరం కాదు. క్వెరీ పాఠం పూర్తిగా కనిపిస్తే అందులో కస్టమర్ ఫోన్ నంబర్, అడ్రస్, ఒక్కోసారి ఆధార్ నంబర్ కూడా కనిపిస్తాయి. పోస్ట్‌గ్రెస్ మామూలు యూజర్లకి ఇతరుల క్వెరీలను చూపించదు, అది మంచి పనే. కానీ చిన్న షాపుల్లో అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతుంటారు. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ఇతరుల వివరాలు మన దగ్గర ఉన్నాయంటే బాధ్యత కూడా మన మీద ఉన్నట్టే.

అందుకే నేను అడిగేది హద్దు తీసేయమని కాదు, మార్చుకోనివ్వమని. ఒక ఆస్పత్రి దాన్ని 100 బైట్లకి దించుకోవాలనుకోవచ్చు, పోస్ట్‌గ్రెస్‌లో అంతదాకా దించొచ్చు కూడా. ఒక శిల్పశాల 16 కేబీకి పెంచుకోవాలనుకోవచ్చు.

మార్చుకోలేని హద్దులు కూడా కొన్ని ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ పేరు 63 బైట్లు దాటకూడదు, అంటే 21 తెలుగు గుర్తులు. ఇది ఇప్పటికీ ప్రోగ్రామ్ లోపలే ఉంది. అయితే పేరు తెగితే "తెంచాను" అని ఒక నోటీస్ ఇస్తుంది. అది చాలు, మనం జాగ్రత్తపడతాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైల్ పేరుకి మామూలుగా 255 బైట్లు, తెలుగులో 85 గుర్తులు. పెళ్లి వీడియోకి వధూవరుల ఇంటిపేర్లతో సహా తెలుగులో పేరు పెట్టి చూడండి, ఎంత త్వరగా అయిపోతుందో.

మీరు ఏం చేయాలి?

మీరే సర్వర్ నడుపుతుంటే ఇవాళే ఈ సెట్టింగ్ చూసుకోండి. తెలుగులో డేటా ఉంటే 1024ని అలాగే వదిలేయొద్దు. 16 కేబీ దగ్గర మొదలుపెట్టండి, షాపు మూసిన వేళ రీస్టార్ట్ చేయండి. పట్టికలో ఏ క్వెరీ పొడవైనా 1021 నుంచి 1023 బైట్ల మధ్య ఉంటే అది తెగిందేమోనని అనుమానించండి. ఆర్డర్ నంబర్‌ని క్వెరీ మొదట్లోనే ఒక కామెంట్‌గా పెట్టించండి. ఎక్కడ కోసినా తల మిగులుతుంది.

మీరు యాప్‌ని కొనేవాళ్లయితే, లేదా నెల అద్దెకి డేటాబేస్ తీసుకునేవాళ్లయితే, డబ్బు కట్టే ముందు మూడు అడగండి. క్వెరీ పాఠం హద్దు ఎంత? అది బైట్లలోనా, అక్షరాల్లోనా? దాన్ని నేను మార్చుకోవచ్చా? ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, మెమరీ కార్డ్ పడుతుందా అని అడగమూ? ఇదీ అంతే.

ఇక యాప్‌లు తయారుచేసేవాళ్లకి ఒకటే మాట. హద్దు మీరు పెట్టండి, దాన్ని జరుపుకునే వీలు మాకివ్వండి, తెంచితే తెంచినట్టు చెప్పండి. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసి సరిపోయిందనుకునే ఇలాంటి బైట్ల హద్దు తెలుగులో మూడో వంతుకి కుంచించుకుపోతుంది.

మా మినీ పీసీలో ఇప్పుడు హద్దు 16 కేబీ. ప్రతి క్వెరీకీ ముందు ఆర్డర్ నంబర్ ఉంటుంది. సేవ్ కాకపోతే ట్యాబ్ స్క్రీన్ ఎర్రగా అవుతుంది, ఓకే నొక్కేదాకా పోదు. ఆ విగ్రహం 12 అంగుళాల పీఠంతోనే వెళ్లింది. పెద్దాయన మాత్రం ఇప్పటికీ కొలతలన్నీ ఒక నోటుబుక్కులో కూడా రాయిస్తున్నాడు. వద్దని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.