జెముడు వేయమంటున్నారు - భూమి ఎవరిదో చెప్పరేం?

ఎండకాలంలో కథలాపూర్, చందుర్తి, కోనరావుపేట చెలకల వెంట నడిస్తే పచ్చగా కంటికి ఆనేది ఎంత? కాలువ కింద, బోర్ల కింద సాగయ్యే కోరుట్ల, మెట్‌పల్లి పొలాల సంగతి వేరు. గుట్టబోరు చెలకల్లో మిరుగు దాకా జీవాలకు నోటికందేది తక్కువే. గడ్డి కొనే స్తోమత లేక బర్రెను సంతకు తోలేది కూలీ మనిషే గాని భూస్వామి కాడు.

ఇటువంటి బీడు భూముల్లో ముళ్ళులేని నాగజెముడు పెంచమని 2022లో కేంద్ర భూవనరుల శాఖ రాష్ట్రాలకు చెప్పింది. పశువులకు మేత అవుతుందట, గ్యాసు తీయవచ్చట. (ముళ్ళులేని జెముడు దొరుకుతుంది గాని, ముళ్ళులేని పథకం దొరకడమే కష్టం.)

చెట్టును చూసి నవ్వనక్కరలేదు. అది మొండిది. పగలు రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తుంది. అందుకే ఒంట్లో నీరు అంతగా ఎగిరిపోదు. కెనడా మంచులో ముడుచుకొని బతికే జాతులు కూడా ఉన్నాయి. మనకు చలి బాధ కాదు, వానాకాలంలో నిలిచే నీటి బాధ. నీరు నిలిచే రేగడిలో వేరు కుళ్ళుతుంది, ఎర్ర చెలకలో, గట్ల మీద నిలుస్తుంది. కోసిన మట్టను రెండు వారాలు నీడన ఆరబెట్టి, కోత మానినాక పాతాలి. మేతలో పదింట తొమ్మిది పాళ్ళ దాకా నీరే. ఎండకాలంలో అది మేలే గాని, ఒక్కదాన్నే వేస్తే గొడ్లు పారుకుంటాయి. చొప్పనో, వరిగడ్డినో కలిపి పెట్టాలి. బలం తక్కువ గనుక తవుడో చెక్కో కూడా కావాలి. జెముడు ఉంటే ఇక దాణా అక్కరలేదని చెప్పేవాళ్ళను నమ్మవద్దు.

ఇంకొక సంగతి పాలకులు చెప్పడం లేదు. ఈ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ మద్రాసులో దీన్ని పెంచింది మన గొడ్ల కోసం కాదు, దీని మీద బతికే పురుగు నుంచి ఎర్ర రంగు తీసి లాభం చేసుకోవడానికి. ఆ తరువాత దక్షిణాదిలో జెముడు అడవిలా పెరిగి భూములను మింగింది. 1926లో ప్రభుత్వమే సింహళం నుంచి మరో రంగుపురుగును తెప్పించి చెట్టు మీదికి వదిలింది. ఆ పురుగే 2014 తరువాత మొరాకోలో రైతుల జెముడు తోటలను తుడిచిపెట్టింది. నిన్న చెట్టును చంపడానికి తెచ్చిన పురుగు రేపు మన మట్టలకు పట్టదని హామీ ఎవరిస్తారు? నష్టపోతే పరిహారం ఎవరిస్తారు?

అసలు ప్రశ్న భూమిది. ముళ్ళున్న జెముడు తానే కంచె. ముళ్ళులేని దానికి మేకల నుంచి కంచె కట్టాలి. బంచరాయికి కంచె పడిందంటే గొల్లకురుమల జీవాలు ఎక్కడికి పోవాలి? కాగితాల్లో బీడు అని రాసుకున్నది ఊళ్ళో మేత భూమి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన రైతుకూలీలు అడిగింది కూడా ఇదే గదా! వెట్టి పోవాలి, కూలి పెరగాలి, దొరలు కలుపుకొన్న బంజర్లు పేదలకు దక్కాలి అన్నారు. జవాబుగా ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పేదలకిచ్చిన అసైన్డు భూములు ఇతరుల చేతికి పోరాదని 1977లో చట్టం వచ్చింది. పట్టా కూలీ పేర, నాగలి ఇంకొకరిది అయిన భూములు ఎన్నో మన ఊళ్ళల్లో అడిగితే పిల్లలు కూడా చెబుతారు. ఆ భూములకు ఇప్పుడు గ్యాసు కంపెనీ గిరాకీ తగిలితే ఏమవుతుంది?

కనుక మేము జెముడు వద్దనడం లేదు. ముందు పొలాస పరిశోధనా కేంద్రం వారు మన చెలకల్లోనే వేసి, పురుగు సంగతి తేల్చి చెప్పాలి. తరువాత మట్టలు ఉచితంగా, అసైన్డు భూమి ఉన్న కూలీల చేతికే రావాలి. కోతకు రావడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ గట్టు వేసిన, పాతిన, కాపు కాసిన ప్రతి దినానికి కూలి కట్టివ్వాలి. బంచరాయిలో వేసేదయితే గ్రామసభ ఒప్పుకోవాలి, జీవాల బాట వదలాలి, కోసిన మేత ఊరికే చెందాలి. కూలీ సంఘాల వారు వచ్చే గ్రామసభలోపే తమ ఊరి బంచరాయి సర్వే నంబర్లు, అవి ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉన్నదీ రాసి పెట్టుకోవాలి. అధికారి మట్టల మోపుతో వచ్చిన నాడు ముందుగా ఆ జాబితా చేతిలో పెట్టాలి.