వృద్ధుల మనస్సును కొలిచేదెలా?

మనుషులు తమ ఉద్వేగాలను ఎలా అదుపు చేసుకొంటారో ప్రశ్నావళితో కొలిచే పద్ధతి నేటి మనస్తత్వ శాస్త్రంలో స్థిరపడింది. 2003లో జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రశ్నావళిలో 10 వాక్యాలుంటాయి. ఒక్కొక్కదానికి 1 నుండి 7 వరకు అంకె వేయాలి. ఆరు వాక్యాలు ఆలోచనను మార్చుకొని మనస్సును కుదుటపరచుకోవడాన్ని, నాలుగు వాక్యాలు భావాన్ని పైకి కనపడనీయక అణచుకోవడాన్ని కొలుస్తాయి. అణచుకొనే అలవాటు స్త్రీలలో కన్న పురుషులలో అధికమని వారు గమనించారు. వారు పరిశీలించింది కళాశాల విద్యార్థులను. అయినా మన ఇళ్లలోని పెద్దలనెరిగిన వారికి ఈ మాట వింతగా తోచదు.

మొదటి మార్గం మనకు కొత్త కాదు. మనోదోషాలకు బుద్ధి, ధైర్యం, ఆత్మజ్ఞానం పరమౌషధాలని వాగ్భటుడు ఏనాడో చెప్పాడు. నా పేచీ రెండవదానితోనే. చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపకూడని వేగాలు 13 అని చెప్పి, ఆపదగిన మానసిక వేగాలను వేరుగా పేర్కొన్నారు. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య మొదలైనవి ఆపదగినవి. కన్నీరు మాత్రం ఆకలి, దప్పిక, నిద్రల సరసన, ఆపకూడని వాటిలో ఉంది! శోకానికి లొంగిపోవద్దు, కాని వచ్చిన కన్నీటిని దిగమింగవద్దు. ఈ సూక్ష్మం ఆ నాలుగు వాక్యాలకు అందదని నా అభిప్రాయం. కన్నీటిని అణచినందువల్ల పడిశం, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, తల తిరగడం కలుగుతాయని, నిద్ర, ఇష్టమైన కబుర్లు అందుకు చికిత్స అని శాస్త్రం. (మద్యం కూడా చెప్పబడింది. దానిని మన పెద్దలకు నేను సూచించను.)

భార్యను పోగొట్టుకొన్న డెబ్బయ్యేళ్ల పెద్దమనిషి, కొడుకు, కోడలు ఎదుట "నాకేం, బాగానే ఉన్నాను" అంటాడు. విస్తరిలో అన్నం సగం మిగులుతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. అదే వయస్సు స్త్రీ తన దుఃఖాన్ని మోకాళ్ల నొప్పిగానో, గుండెదడగానో చెప్పుకొంటుంది. ఇంటివారు చాదస్తమని కొట్టిపారేస్తారు. ఆయనకు గుండె దిటవనీ, ఆమెకు నిబ్బరం లేదనీ అంకెలు వేయడం వైద్యం కాదు. నిద్ర, ఆకలి, కన్నీరు, ఇష్టమైన వారితో మాటామంతీ, ఈ నాలుగింటిని గురించి ఏకాంతంలో అడగాలి.

రెండు వారాలకు మించి నిద్రాహారాలు తప్పినా, బ్రతుకు మీద విరక్తి మాటలు ఒక్కసారి వినపడినా, కషాయాలతో కాలయాపన చేయక మానసిక వైద్యునికి చూపించండి. వృద్ధుల కుంగుబాటును గుర్తించడానికి అవును, కాదు అని జవాబు చెప్పే 15 ప్రశ్నల పట్టిక వైద్యుల వద్ద ఉంటుంది. పక్కన కూర్చున్న కొడుకే జవాబులు చెప్పివేయడం కద్దు. దయచేసి ఆ కాసేపు బయట కూర్చోండి, పెద్దవారినే చెప్పనివ్వండి.