నంబరు కంఠతా వచ్చా?

జనగామ స్టేషన్ రోడ్డులో ఒకప్పుడు ఆదివారం సాయంత్రమైతే ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్ ముందు చిన్నపాటి జాతర. అద్దాల గదిలో ఒకరు మాట్లాడుతుంటే బయట పదిమంది బెంచీ మీద. లోపలున్న వాళ్ల కళ్లు మీటరు మీద ఎర్రంకెల వైపే! విదేశానికి కాల్ అంటే నిమిషానికి పదుల రూపాయలు మరి. 2002 మార్చి దాకా ఆ కాల్స్‌కు వీఎస్ఎన్ఎల్ ఒక్కటే దారి. అందుకే ఏం మాట్లాడాలో ముందే చీటీ మీద రాసుకుని వచ్చేవారు. ఆ చీటీకి పైన, పెద్ద అంకెలతో ఫోన్ నంబరు.

ఇప్పుడు బూత్ లేదు, మీటరు లేదు. చీటీ కూడా పోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మహబూబాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ మొన్నామధ్య కొడుకు దగ్గరికని దుబాయ్ బయల్దేరింది. ఒక్కతే. ‘నంబర్లు కాగితం మీద రాసిస్తా పెద్దమ్మా’ అంటే నవ్వేసింది. ‘ఫోన్ల ఉన్నయి గద బిడ్డా, కాయితమెందుకు?’ అంది. తీరా అక్కడ దిగేసరికి ఫోన్‌లో చార్జింగ్ నిల్. కొడుకు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. అరగంట చూసింది, గంట చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పనిచేసే కుర్రాడు దగ్గరికొచ్చాడు. ‘మాది జగిత్యాల దిక్కు, ఏమైంది అమ్మా?’ అంటూ తన ఫోన్ చేతికిచ్చాడు.

ఇచ్చాడు సరే, ఏ నంబరుకు చెయ్యాలి? కొడుకు నంబరు నోటికి రాదు. ఎప్పుడూ ఫొటో మీద నొక్కడమే కదా! గుర్తున్నది ఒక్కటే... ఇరవై ఏళ్లుగా మారని పెదనాన్న నంబరు. పది అంకెలు చెప్పింది. ముందు 91 చేర్చి ఆ కుర్రాడే కలిపాడు. పెదనాన్న మహబూబాబాద్ నుంచి కొడుక్కి చేశాడు. పది గజాల దూరంలో ఉన్న తల్లీకొడుకులు అలా కలుసుకున్నారు, రెండు దేశాలు చుట్టి!

అందుకే ప్రయాణానికి ముందు మొదటి పని... ముఖ్యమైన నంబర్లన్నీ దేశం కోడ్‌తో సేవ్ చేసుకోండి. మన సెల్ నంబరుకు ముందు +91. ల్యాండ్‌లైనైతే ఎస్‌టీడీ కోడ్‌లో మొదటి సున్నా తీసేయాలి. అంటే జనగామ 08716 కాస్తా +91 8716 అవుతుంది, మహబూబాబాద్ 08719 కాస్తా +91 8719. యూఏఈకి 971, సింగపూర్‌కు 65, అమెరికాకు 1. ఇవే నంబర్లు ఓ కాగితం మీదా రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఒక్కటైనా కంఠతా పట్టండి.

రెండోది రోమింగ్. ఇక్కడుండగానే ఆన్ చేయించుకోవాలి. అక్కడికెళ్లాక స్థానిక సిమ్ కొన్నా మన సిమ్ పారేయకూడదు. బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. డేటా రోమింగ్ మాత్రం ప్యాక్ లేకుంటే ఆపేయండి, లేదంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. వాట్సాప్ ఉందిగా అంటారా? యూఏఈలో మెసేజ్‌లు వెళ్తాయి కానీ, వాట్సాప్ కాల్ మామూలుగా కలవదు. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లు వేరు. ఏది వాడాలో అక్కడున్న మనవాళ్లను ముందే అడిగి తెలుసుకోండి.

పెద్దమ్మకు కనీసం కొడుకు ఇల్లుంది. ఇల్లు లేని ఊరికి వెళ్లేవాళ్ల సంగతేంటి? భూపాలపల్లి బాబాయి సింగరేణిలో రిటైరయ్యాక పిన్నితో కలిసి సింగపూర్ వెళ్లాడు. హోటల్ పదో తారీఖుకు బుక్ చేశాడు. విమానం దిగింది పదో తారీఖు తెల్లవారుజామునే. రిసెప్షన్‌లో ‘రూము మూడు గంటలకు’ అన్నారు. పొద్దంతా సామాన్లతో లాబీలో కాపలా! తెల్లవారుజామున దిగేవాళ్లకు వెంటనే రూము కావాలంటే ముందురోజు రాత్రికి కూడా బుక్ చేసుకోవాలి. లేదా సామాన్లు అక్కడ పెట్టుకోనిస్తారా అని ముందే కనుక్కోవాలి.

మనకు ఈ లెక్క అలవాటు లేదు. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలకు ఎవరు రూము బుక్ చేసుకుని వెళ్లారు? సత్రమో, చుట్టాలిల్లో, చెట్టు నీడో... ఎక్కడో ఓ చోట సర్దుకుంటాం. పరాయి దేశంలో అలా కుదరదు. సింగపూర్ అరైవల్ కార్డులో ఎక్కడ ఉంటారో రాయాలి. యూరప్ షెంజెన్ వీసాకు బస వివరాలు చూపాలి.

కాబట్టి బుక్ చేశాక ఊరుకోకుండా ఒకసారి హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. అక్కడి టైము చూసి సుమా! దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. అడగాల్సినవి నాలుగే. నా పేరు మీద బుకింగ్ ఉందా? రూము ఎన్నింటికి ఇస్తారు? డిపాజిట్ ఎంత? పన్ను విడిగా కట్టాలా? దుబాయ్‌లోనైతే గదికి రాత్రికి ఇంతని టూరిజం దిర్హమ్ వేరే ఉంటుంది. ‘హోటల్ నుంచి’ అంటూ కార్డు వివరాలు అడిగే మెసేజ్ వస్తే మాత్రం లింకు నొక్కొద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పనికోసం గల్ఫ్ వెళ్లేవాళ్లు. ‘మావాడు ఎయిర్‌పోర్టులో బోర్డు పట్టుకుని నిలబడతాడు, రూము రెడీ’ అంటాడు ఏజెంటు. దిగాక బోర్డూ ఉండదు, ఏజెంటు ఫోనూ ఎత్తడు. ఊళ్లో అప్పు మాత్రం మిగులుతుంది. విమానం ఎక్కకముందే కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, అక్కడి నంబరు తీసుకోండి. ఆ నంబరుకు ఇంటి నుంచే ఫోన్ చేసి చూడండి. కలవకపోతే ఎక్కొద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విజిట్ వీసా పని వీసా కాదని మరవొద్దు. యూఏఈలో కష్టమొస్తే భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. దీన్నీ ఆ కాగితం మీదే రాయండి.

పెద్దమ్మ మళ్లీ దుబాయ్ వెళ్తోంది. మొన్న ఫోన్ చేసి కొడుకు నంబరు అప్పజెప్పింది... 971తో సహా, చూడకుండా. ‘తప్పు పోయిందా బిడ్డా?’ అనడిగింది. ఒక్క అంకె కూడా పోలేదు.