అప్‌టైమ్ అబద్ధమాడటం లేదు

రోజూ రాత్రి షట్‌డౌన్ చేసి, స్విచ్చు ఆపి, షట్టర్ దించి పోతారు. పొద్దున టాస్క్ మేనేజర్ తెరిస్తే కంప్యూటర్ పన్నెండు రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్టు ‘అప్‌టైమ్’ అంకె. నందిపేట్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాళ్లను అడగండి, వైరస్ అంటారు, విండోస్ పాడైందంటారు, ఫార్మాట్ కొట్టించాలంటారు. సీపీయూ పట్టుకుని నిజామాబాద్ బస్సెక్కుతారు. ఆ పూట పాసుబుక్కు పని మీద వచ్చిన పసుపు రైతు ఉత్త చేతులతో తిరిగి పోతాడు.

ఈ నమ్మకం తప్పు. అంకె నిజమే చెబుతోంది. మారింది షట్‌డౌన్ అన్న మాటకు అర్థం.

2012లో విండోస్ 8తో ‘ఫాస్ట్ స్టార్టప్’ వచ్చింది. విండోస్ 10, 11 ఉన్న చాలా కంప్యూటర్లలోనూ అది ముందే ఆన్ చేసి ఉంటుంది. షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచినవన్నీ మూసుకుంటాయి. కానీ విండోస్ మూలభాగమైన కెర్నెల్, డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్టే ఒక ఫైలుగా డిస్కులో చేరి, పొద్దున అక్కడినుంచే లేస్తాయి. మన అమ్మమ్మలు రాత్రి పొయ్యిలో నిప్పు ఆర్పేవాళ్లు కాదు, బూడిద కప్పేవాళ్లు. పొద్దున ఊదితే రాజుకునేది. ఇదీ అంతే. నిప్పు పాతదే కనుక లెక్కా పాతదే, ఆపి ఉంచిన రాత్రి గంటలూ అందులో కలుస్తాయి. డిస్కులో దాచినదానికి కరెంటుతో పని లేదు, ప్లగ్గు పీకినా చెరగదు.

రీస్టార్ట్ సగం పని, షట్‌డౌన్ పూర్తి పని అని మనవాళ్ల లెక్క. అసలు సంగతి తలకిందులు. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టి షట్‌డౌన్ చేసినా అంతే. రోజూ ఆపుతున్నా మొండికేసే ప్రింటర్ ఒక్క రీస్టార్ట్‌తో దారికి రావడం ఇందుకే. అనుమానముంటే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-బూట్ కింద 27 నంబరు నమోదు చూడండి. బూట్ టైప్ చివర 0 ఉంటే కొత్త నిప్పు, 1 ఉంటే బూడిద కప్పిన నిప్పు.

అప్‌టైమ్ నిజంగా తప్పిన రోజులూ ఉన్నాయి. మిల్లీసెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టడం వల్ల విండోస్ 95, 98 దాదాపు 49.7 రోజులకు బిగుసుకుపోయేవి. పాత లినక్స్‌లో 497 రోజులకు అంకె మళ్లీ సున్నాకొచ్చేది. రాత్రి తొమ్మిదికి మూసే సెంటర్ జబ్బు అది కాదు.

నాకు కోపం వచ్చేది ఫార్మాట్‌తో పోయేది చూసి. స్కాన్ చేసి దాచిన జనం కాగితాలు పోతాయి, వేలిముద్ర యంత్రం పనిచేయడానికి కావలసిన ఆర్‌డీ సర్వీసు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవాలి. డబ్బు అడిగే ముందు మెకానిక్ ఆ కంప్యూటర్‌ను యజమాని కళ్ల ముందే ఒక్కసారి రీస్టార్ట్ చేసి, అంకె సున్నా నుంచి మొదలవడం చూపించాలి.