బల్లి పడితే ఏమవుతుంది?

పోయిన నెల మా అబ్బాయీ కోడలూ హైదరాబాదు నుంచి వచ్చారు. శనివారం పొద్దున్నే కోడలు వంటింటి కిటికీ తెరుస్తుంటే, రెక్క మీంచి బల్లి జారి సరిగ్గా తన భుజం మీద పడింది. పిల్ల కెవ్వుమని చేత్తో విసిరికొట్టింది. బల్లి ఫ్రిజ్ కిందకి పారిపోయింది. దాని తోక మాత్రం గచ్చు మీద ఉండిపోయి గిలగిలా కొట్టుకుంటోంది. అది చూసి ఇంకా హడలిపోయి, నా మొహం వంక చూస్తూ "అత్తయ్యా, తలస్నానం చేయాలా?" అంది.

"చెయ్యి తల్లీ" అనే మాట నా గొంతు దాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే మీకు 1993 నాటి సంగతి చెప్పాలి.

అప్పటికి నాకు పెళ్ళయి ఇరవై రోజులు కూడా కాలేదు. అటక మీంచి ఊరగాయ జాడీ దింపుతుంటే తల మీద బల్లి పడింది. మా అత్తగారు వెంటనే తలస్నానం చేయించి దీపం పెట్టించారు. కంచి వెళ్ళొచ్చిన పక్కింటి పిన్నిగారిని పిలిపించి, ఆవిడ చెయ్యి నాకు తాకించారు. అక్కడ వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లినీ వెండి బల్లినీ ముట్టుకున్నవాళ్ళని తాకితే దోషం పోతుందని మనవాళ్ళ నమ్మకం కదా. ఇంతవరకూ నాకు ఏ కష్టమూ లేదు. భయం తీరడానికి పెద్దవాళ్ళు చేసిన పనులవి.

ఎనిమిది రోజుల తర్వాత మా మామగారు నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ "బల్లి ముందే చెప్పిందమ్మా" అంది. నాతో కాదు, నాకు వినబడేలా. ఆ తర్వాత ఆ ఇంట్లో పాలు విరిగినా నా తల వైపే చూసేవాళ్ళు. ఏడాది పైనే సాగింది అది. ఒకరోజు ఎవరూ చూడకుండా పంచాంగం తీసి బల్లిపాటు ఫలితాలు చదివాను. తల మీద పడితే మగవాళ్ళకి కలహం అట. ఆడవాళ్ళకి మరణభయం అట. అదీ నాకు రాసి ఉంటే, పడింది మామగారు. లెక్క కుదరలేదు గానీ నేరం మాత్రం నా మీద కుదిరిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత, మా అబ్బాయి తెచ్చి పెట్టిన పుస్తకాలు తిరగేస్తూ, అసలు ఈ జీవి ఎందుకు పడుతుందో తెలుసుకున్నాను. బల్లి కాళ్ళకి జిగురేమీ ఉండదు. వేళ్ళ కింద మడతలు మడతలుగా, కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో వెంట్రుక కొస మళ్ళీ వందల పాయలుగా చీలి ఉంటుంది. అవి గోడకి ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య ఉండే అతి చిన్న ఆకర్షణే దాని బరువంతా మోస్తుంది. ఇది ఆ ఆకర్షణేనని అమెరికాలో శాస్త్రవేత్తలు 2002లో చూపించారు. మన నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్ మీద మాత్రం దానికి పట్టు దొరకదట! బాగా తడిసిన చోట కూడా పట్టు తగ్గుతుంది. మన వంటింటి కిటికీ సంగతి నేను చెప్పాలా? ఇడ్లీ ఆవిరంతా దాని మీదే కదా. ఇక పురుగు మీదకి దూకబోయి పడటం, ట్యూబ్‌లైటు దగ్గర చోటు కోసం రెండు మగబల్లులు కొట్టుకుని పడటం నేనే ఎన్నోసార్లు చూశాను. కింద నిలబడ్డది ఎవరి కోడలో దానికేం తెలుసు? మనం మాట్లాడుతుంటే టిక్‌టిక్‌మంటే "సత్యం" అని గచ్చు మీద తడతాం. అది ఆడబల్లిని పిలుస్తూనో, ఇంకో మగబల్లిని రావద్దని బెదిరిస్తూనో ఉంటుంది.

విషమూ లేదు దానికి. అలాగని గిన్నెలు మూతల్లేకుండా వదిలేయమనడం లేదు. దాని రెట్టల్లో సాల్మొనెల్లా లాంటి క్రిములుండొచ్చు, అవి కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు తప్పవు. కూరలో పడితే కూర పారబోయాల్సిందే, అందులో మొహమాటం లేదు. గట్టు రోజూ తుడుచుకోవాలి. ఇది శుభ్రతకి సంబంధించిన మాట, శకునానికి సంబంధించింది కాదు. నా గొడవంతా ఈ రెండూ కలిపేయడం మీదే. (బల్లులు రాకుండా కోడిగుడ్డు పెంకులు వేలాడదీయమంటే నేనూ వేలాడదీశాను. మా బల్లి వాటి పక్కనే పడుకుంది.)

జిగురు అట్టలు మాత్రం దయచేసి పెట్టకండి. ఒకసారి ఎలుకల కోసం పెడితే బల్లి అంటుకుంది. రెప్పల్లేని కళ్ళు, అది నాలుకతోనే తుడుచుకుంటుంది. పొద్దున్న నేను చూసేసరికి ఒంట్లో ఇంకేదీ కదల్లేక ఆ నాలుక ఒక్కటే ఆడిస్తోంది. కొబ్బరినూనె రాసి విడిపించాను గానీ బతకలేదు. దోమల్నీ, చిన్న బొద్దింకల్నీ తిని పెట్టే ప్రాణం.

సరే, ఆ శనివారం సంగతి. "భుజం కడుక్కుని చీర మార్చుకో, చాలు" అన్నాను. హాల్లోంచి మావారు "పంచాంగం చూడనా?" అన్నారు. "అక్కర్లేదు, మీరు కాఫీ తాగండి" అన్నాను. తోక ఇంకా కొట్టుకుంటోంది. శత్రువు దాన్ని చూస్తూ ఉండిపోతే ఈలోగా పారిపోవడానికి బల్లి తనే వదిలేస్తుందని కోడలికి చెప్పాను. కరువు రోజులకి దాచుకున్న కొవ్వు కూడా అందులోనే ఉంటుంది, దాన్ని వదులుకుని పోయింది పాపం. మళ్ళీ తోక వస్తుంది, కానీ లోపల వెన్నుపూసలకి బదులు మెత్తటి ఎముకే ఉంటుంది. "అయ్యో, నేనే కొట్టాను" అంది పిల్ల.

రెండు రోజులకి అది ట్యూబ్‌లైటు వెనక్కి వచ్చేసింది, మొండిగా. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేసినప్పుడు "తిన్నారా అత్తయ్యా" తర్వాత కోడలి రెండో ప్రశ్న దాని తోక ఎంతవరకూ వచ్చిందని. మొన్న చెప్పాను, అర అంగుళం ఉందమ్మా, రంగే కొంచెం తేడాగా వస్తోందని.